రాసే అనుమతి

"ఆయన పేరు పూర్తిగా కొట్టెయ్యొద్దు. చూసుకోవడానికి ఉంచు. రాసే అనుమతి మాత్రం తీసెయ్," అన్నాడు సారు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

కింద సైకిల్ షాపులో ఎవరో చక్రం బిగించి ఊరికే తిప్పుతున్నారు. ఆ గరగర ఆగాక మేనకోడలు అడిగింది.

"మావయ్యకి చెప్పారా?"

"నువ్వున్నావుగా. ఇంటి మనిషివి. మెల్లగా, టైము చూసి నువ్వే చెప్పు. నేను చెబితే కంపెనీ చెప్పినట్టుంటుంది."

చెప్పేది కంపెనీయే అయినప్పుడు కంపెనీ చెప్పినట్టుంటే తప్పేమిటో ఆ పిల్లకి అర్థం కాలేదు. అయినా తలూపింది. జీతమిచ్చే మనిషి ముందు తల దానంతటదే ఊగుతుంది.

ఆ ఆఫీసంటే ఎంతని, మూడు గదులు. ముందు గదిలో పనిచేసేవాళ్ళు, మధ్య గదిలో సారు, వెనక గదిలో సర్వర్. మనుషులకి ఫ్యాను, సర్వర్‌కి ఏసీ. వాళ్ళు రాసేది ఆసుపత్రులకి పనికొచ్చే ప్రోగ్రాం. ఏ మంచం మీది రోగికి ఏ మందు ఎప్పుడు పడాలో నర్సుకి చూపిస్తుందది. రాసేవాళ్ళు ఇక్కడ కొందరుంటే ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఇంకొందరు. ఇంతమంది చేతులు పడే రాత ఒకచోట ఉండాలి కదా, ఆ చోటునే వాళ్ళు రెపో అంటారు. అది సర్వర్లో ఉంటుంది, దానికి ఇంటర్నెట్‌లో ఒక అడ్రసుంటుంది. పొద్దున్నే ఎవరికి వాళ్ళు అందులోంచి కొత్తది దించుకుంటారు, అది పుల్. సాయంత్రానికి తాము రాసింది పైకి పంపుతారు, అది పుష్. ఒక పెద్ద దుప్పటిని పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కుడుతున్నట్టు అనుకోండి. కాకపోతే ఇక్కడ ఏ కుట్టు ఎవరు వేశారో, ఎవరు విప్పారో, పేరుతో సహా నిలిచిపోతుంది. దించుకునే అనుమతి చాలామందికుంటుంది. పంపే అనుమతి కొందరికే. ఆ కొందరెవరో రాసిపెట్టిన జాబితా కూడా అదే సర్వర్లో ఇంకో చిన్న రెపోగా ఉంటుంది. దాన్ని మార్చాలన్నా పంపే అనుమతి ఉండాల్సిందే.

ఆ సర్వర్‌ని నిలబెట్టింది మావయ్యే. ఆఫీసులో అందరికీ ఆయన పెద్దాయన.

మరి ఎందుకు తీసెయ్యమన్నాడూ అంటే, ఆ మాట కూడా చెప్పుకోవాలి. పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మావయ్య తన కంప్యూటర్లో ఉన్న పాత రాతని తెచ్చి, అందరి కొత్త రాత మీద పెట్టేశాడు. మామూలుగా సర్వర్ ఒప్పుకోదు. నీ దగ్గరున్నది పాతది, ముందు కొత్తది దించుకో అంటుంది. దాని నోరు మూయించి బలవంతంగా పంపే పద్ధతి ఒకటుంది. కొత్తగా చేరినవాళ్ళకి దాని జోలికి పోవద్దని చెప్పేది మావయ్యే, ఆ రోజు అలా పంపిందీ ఆయనే. రెండు వారాల పని గాల్లో కలిసింది. పక్క ఊళ్ళో ఉండి పనిచేసే ఒకావిడ ఆ పొద్దున్నే మొత్తం దించుకుని ఉండబట్టి, ఆవిడ దగ్గరున్న నకలు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఎందుకలా చేశారని అడిగితే మావయ్య తెరకేసి చాలాసేపు చూసి, "ఇవాళ నేను అసలేమీ పంపలేదే," అన్నాడు. అందులో అబద్ధం లేదు. అందుకే అందరికీ భయమేసింది.

"ఈ మంచం మందు ఆ మంచానికి పడితే?" అన్నాడు సారు.

మేనకోడలు తన సీట్లోకి వచ్చి జాబితా తెరిచింది. మావయ్య పేరు అన్నిటికంటే పైన ఉంది. దాని పక్కన ఉన్న ఒక్క గుర్తు చెరిపి పంపింది. సర్వర్ ఎప్పట్లాగే తీసుకుంది. దానికి మనుషులతో ఏం పని!

*

మర్నాడు బస్సులో చెబుదామనుకుంది. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బస్సు. మావయ్యకి కిటికీ పక్క సీటు కావాలి, చిన్నపిల్లాడిలాగా. డ్రైవరు గట్టిగా బ్రేకేస్తే, "వీడికి లైసెన్సు ఇచ్చినవాణ్ణి తెచ్చి ఈ బస్సులో నిలబెట్టాలి," అంటాడు. రోజూ వేసే జోకే. ఈమధ్య ఒకే ప్రయాణంలో రెండుసార్లు వేస్తున్నాడు. మేనకోడలు రెండుసార్లూ నవ్వింది. నవ్విన నోటితోనే ఆ మాట ఎలా చెబుతుంది? ఆఫీసు మెట్లు ఎక్కేటప్పుడు చెబుదామనుకుంది. మెట్ల మీద ఆయనకి ఆయాసం. సీట్లో కూర్చున్నాక చెబుదామనుకుంది. అప్పటికి అందరూ వచ్చేశారు.

భోజనాల వేళకి ముందు మావయ్య తాను రాసింది పంపబోయాడు. సర్వర్ తిప్పి కొట్టింది.

"చిట్టీ, మీ సర్వర్ ఇవాళ అలిగిందే," అన్నాడు. బాగుంటే నా సర్వర్, అలిగితే మీ సర్వర్, అదీ ఆయన వరస.

మళ్ళీ పంపాడు. మళ్ళీ తిప్పి కొట్టింది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"పెద్దాయనా, పెద్దక్షరాల మీట నొక్కి ఉందేమో చూడండి," అన్నాడు ఎదుటి సీటు కుర్రాడు అలవాటుగా. ఎప్పుడూ గళ్ళచొక్కాలే వేస్తాడని అతన్ని గళ్ళచొక్కా అనే పిలుస్తారు. పోయిన నెల ఎగిరిపోయిన పనిలో సగం అతనిదే. అన్నాక సంగతి గుర్తొచ్చిందేమో, చటుక్కున తల దించుకున్నాడు. ఆ గదిలో సంగతి తెలియనిది ఒక్క మావయ్యకే.

మావయ్య ఫోను తీసి ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళకి చేశాడు. "ఏమయ్యా, మీ దగ్గర అంతా బాగానే ఉందా? బాగుంటే నేను నీకెందుకు ఫోన్ చేస్తాను నాయనా, నీ గొంతు బాగుందనా?" ఇంకో వేళైతే గదంతా నవ్వేవాళ్ళు. ఆ రోజు కీబోర్డుల చప్పుడు మాత్రం వినిపించింది.

కీబోర్డు మార్చి చూశాడు. వైరు ఊడదీసి, ఊది, మళ్ళీ పెట్టాడు. భోజనానికి రమ్మంటే మీరు కానివ్వండన్నాడు. తిని వచ్చేసరికి రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి వేళ్ళకేసి చూసుకుంటున్నాడు.

"పాస్‌వర్డ్ నాకు గుర్తుందనే అనుకుంటున్నానమ్మా," అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేట్టు. "లేదేమో."

మేనకోడలు ఆ వేళ్ళకేసే చూసింది. ఆయన మర్చిపోయినవి నిజంగా కొన్నున్నాయి. ఇది ఆయన మర్చిపోయింది కాదు. గుర్తున్నదాన్ని కూడా గుర్తులేదని ఆయన చేతే అనిపిస్తున్నారు. ఆ పని చేసిన చెయ్యి తనది.

"నేను చూస్తానుండండి మావయ్యా. సర్వర్లోనే ఏదో తేడా ఉన్నట్టుంది," అంది. వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆ చల్లగదిలో నిలబడే చేసిందా పని. మొత్తం రెపోకి ఇంకో నకలు తీసి పక్కన పెట్టింది. మావయ్య పేరుతో ఎవరైనా అదే అడ్రసుకి వస్తే, అసలుదాన్ని కాక ఈ నకలు చూపించమని సర్వర్‌కి చెప్పింది. వీధి అదే, గుమ్మం అదే, లోపలి ఇల్లు మాత్రం వేరు. ఆ నకలులో ఆయన ఎంతైనా రాసుకోవచ్చు. అక్కడినుంచి ఏదీ ఏ ఆసుపత్రికీ పోదు. ఎవరికీ నష్టం లేదు కదా అనుకుంది. చెప్పడానికి ఇంకో రెండురోజులు వ్యవధి దొరుకుతుంది కదా అని కూడా అనుకుంది.

"ఇప్పుడు చూడండి మావయ్యా."

మావయ్య మీట నొక్కాడు. రాత పైకి వెళ్ళింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నోరంతా తెరిచి నవ్వాడు.

"చూశావా, పాస్‌వర్డ్ అదే. నాకు గుర్తుంది," అని, జేబులోంచి డబ్బు తీసి, కిందనుంచి అందరికీ టీలు తెప్పించమన్నాడు. గళ్ళచొక్కా ఆ టీ తాగలేక తాగాడు.

*

అబద్ధమాడటం తేలిక, దాన్ని రోజూ సాకడమే కష్టం. ఆ సంగతి మేనకోడలికి మర్నాడే తెలిసింది. మావయ్య పొద్దున్నే పుల్ చేసుకుని, రాత్రి ఎవరు ఏం రాశారో చదవందే టీ ముట్టడు. ఆ నకలులో కొత్తగా ఎవరు రాస్తారు? అందుకని ఆమె ముందు బస్సుకి వచ్చి, అసలు రెపోలో పడిన పనంతా దించి, ఆయన నకలులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఊరికే ఎక్కిస్తే కుదరదు. మావయ్య మార్చిన చోటే ఇంకొకరు కూడా మార్చి ఉంటే రెండూ ఢీకొంటాయి. అప్పుడు వరస వరసా చూసి, ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చి, అతుకు కనపడకుండా సర్దాలి. కింద సైకిల్ షాపు తెరిచేసరికే ఆ పిల్ల కళ్ళు మండిపోయేవి.

ఆ సర్దడంలో మావయ్య రాసినవన్నీ చదవాల్సొచ్చేది. కొన్ని బాగానే ఉండేవి. కొన్నిచోట్ల నిన్న దిద్దినదాన్నే ఇవాళ మళ్ళీ దిద్దేవాడు. ఒకచోట మందు వేళ చూసే వరసని సగం రాసి వదిలేసి, ఇంకెక్కడో మొదలుపెట్టాడు. సారు అన్నమాటలో అన్యాయం లేదని ఆమెకి అర్థమవుతూనే ఉంది. చెప్పకుండా చెయ్యడంలోనే ఉంది అన్యాయమంతా. ఇప్పుడు అందులో తనకీ సగం వాటా.

"చెప్పావా?" అన్నాడు సారు ఒకరోజు మెట్ల దగ్గర.

"చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమంటారు? సరేనన్నారు."

సారు బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలి, "పెద్దమనిషి," అన్నాడు.

సాయంత్రం అత్తయ్య పిలిస్తే వాళ్ళింటికి వెళ్ళింది. మావయ్య లోపల స్నానం చేస్తూ ఈల వేస్తున్నాడు. అత్తయ్య కూరగాయలు తరుగుతూ గొంతు తగ్గించింది.

"ఈమధ్య స్టవ్ కట్టెయ్యడం మర్చిపోతున్నారే. నిన్న మా చెల్లెల్ని పట్టుకుని ఎవరమ్మా మీరు అన్నారు. అదేమో మరదల్ని ఆటపట్టిస్తున్నారనుకుని మురిసిపోయింది. నేను మాట్లాడకుండా ఊరుకున్నా."

మేనకోడలు కత్తిపీట కేసి చూస్తూ కూర్చుంది.

"ఆఫీసులో మాత్రం బాగానే ఉన్నారటగా. ఇంటికొచ్చి రోజూ చెబుతారు, ఇవాళ ఇది రాశాను, అది పంపాను అని. ఆ ఒక్కటీ ఉంటే చాలే నాకు. మిగతావి నేను చూసుకుంటాను."

"బాగానే ఉన్నారత్తయ్యా," అంది మేనకోడలు. అత్తయ్య మంచినీళ్ళిస్తే గ్లాసు మొత్తం తాగింది.

ఆ వారంలోనే ఆమెకి ఒంట్లో బాగోక ఒక పొద్దున ముందు బస్సు అందలేదు. మావయ్యతో కలిసే వెళ్ళింది. ఆయన పుల్ చేసుకున్నాడు. కొత్తగా ఒక్క వరసా రాలేదు. మావయ్య గదిలో అందరికేసి చూశాడు. పక్క ఊరి ఆవిడతో ఫోన్లో వాదించుకుంటున్న గళ్ళచొక్కా కేసి కాస్త ఎక్కువసేపు చూశాడు. టీ తాగి, తన పని తాను చేసుకున్నాడు. సాయంత్రం మామూలుగానే పంపాడు.

బతికిపోయాననుకుంది పిచ్చిపిల్ల.

*

ఆ సాయంత్రం బస్సు ఆలస్యమైంది. స్టాపులో బెంచీ మీద ఇద్దరే కూర్చున్నారు. మావయ్య చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు కేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"నాతో ఈమధ్య ఎవరూ గొడవపడట్లేదు చిట్టీ."

"అంటే?"

"నేను పంపిందల్లా నున్నగా వెళ్ళిపోతోంది. ఒక్కరూ అడ్డం రారు. మీ వరస నా వరస మీద పడింది పెద్దాయనా అని ఒక్కరూ అరవరు. పదిమంది పనిచేసే రెపోలో అలా జరుగుతుందా? పక్క ఊరి ఆవిడైతే నా చుక్కకి కూడా వంకపెట్టేది. ఆవిడకి ఇన్నాళ్ళకి నేను ముద్దొచ్చానా?"

మేనకోడలు బస్సొచ్చే వైపుకి తిరిగి చూసింది.

"రెండోరోజే తెలిసింది. నకలు ఎంత బాగా తీసినా, అందులో మనుషులుండరు కదమ్మా." ఆయన గొంతులో కోపం లేదు. ఎప్పుడూ పని నేర్పే గొంతే. "అనుమతి ఎవరు తీయమన్నారని నిన్ను అడగను. తీసింది నువ్వేనని తెలుసు, ఇంకెవరికీ చేతకాదుగా."

"తెలిసి కూడా మరి రోజూ పంపుతున్నారెందుకు మావయ్యా?"

"నువ్వు చీకటి విడవకముందే లేచి వెళుతున్నావని మీ అమ్మ చెప్పింది. పిల్ల అంత కష్టపడి ఇల్లు కట్టిస్తే, ఉండనంటే బాగుంటుందా? నాకు తెలిసిపోయిందని తెలిస్తే నువ్వు నా మొహం చూడగలవా?" చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నాడు. "నువ్వే చెబుతావని చూశాను. ఇవాళ నీ మొహం చూశాక, ఇక చెప్పలేవని తేలిపోయింది."

మేనకోడలు చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. బెంచీ చివర ఎవరో వచ్చి కూర్చుంటే, మావయ్య కాస్త జరిగి చోటిచ్చాడు. తర్వాత గొంతు ఇంకాస్త తగ్గించాడు.

"నాకు అప్పుడప్పుడూ జారిపోతున్నాయమ్మా. పొద్దున ఏం తిన్నానో కూడా. మందుల పని అది, సారు భయపడ్డాడంటే తప్పులేదు. కాకపోతే నన్ను పక్కకి నెట్టి తలుపెయ్యడం బాగాలేదు. నా పేరు తీయాల్సొస్తే నేనే తీస్తాను. నా చేత్తో. పొద్దున ఆ నకలు తీసిపారేసి, అసలుదాంట్లో నాకు అనుమతి తిరిగివ్వు. కాసేపే. జాబితా తెరిచి నా పేరు నేనే తీసేసుకుని, అందరికీ చెప్పేసి ఇంటికెళతాను. అదొక్కటీ చేసిపెట్టు."

"సరే మావయ్యా," అంది.

బస్సొచ్చింది. కిటికీ పక్క సీటు ఖాళీగానే ఉన్నా, ఆ రోజు ఆయన ఆమెని కూర్చోమన్నాడు.

*

పొద్దున్నే మేనకోడలు సారు గదిలోకి వెళ్ళి, జరిగిందంతా చెప్పింది. నకలు సంగతీ, తానాడిన అబద్ధమూ, మావయ్య అడిగిందీ. సారు మధ్యలో రెండుసార్లు ఏదో అనబోయి ఆగిపోయాడు.

"మళ్ళీ ఏదైనా మీద పెట్టేస్తే?" అన్నాడు చివరికి.

"నేను పక్కనే కూర్చుంటాను. మొత్తం దించి ఉంచాను. ఏమైనా అయితే నా బాధ్యత."

సారు ఆమె మొహం చూడలేకపోయాడు. "నేనే చెప్పాల్సింది," అన్నాడు. "కానివ్వు."

ఆమె నకలు చెరిపేసింది. అందులో మావయ్య ఈ రోజులన్నీ పంపిన పని ఉంది. చెరిపేముందు ఒకసారి కిందనుంచి పైకి చూసింది, వరసగా ఆయన పేరే. తర్వాత జాబితాలో ఆ చిన్న గుర్తు తిరిగి పెట్టింది.

మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గళ్ళచొక్కా లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. "ఏంటయ్యా, ఇవాళ మర్యాదలు ఎక్కువయ్యాయి, అప్పేమైనా కావాలా?" అన్నాడు మావయ్య. గదిలో అందరూ నవ్వారు. నవ్వి, ఎవరి తెర కేసి వాళ్ళు తిరిగారు. మేనకోడలు కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

మావయ్య పుల్ చేసుకున్నాడు. అసలు రెపోలోంచి అందరి పనీ ఒక్కసారిగా దిగింది. గళ్ళచొక్కాదీ, పక్క ఊరి ఆవిడదీ, ఎప్పుడో ఒకసారి రాసే వాళ్ళదీ. ఆయన మొహం విప్పారింది. ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. "ఇదిగో, ఈవిడ మళ్ళీ నా వరస మార్చేసింది చూడు," అని సంబరంగా మేనకోడలి మోచేతిని తట్టాడు. పెన్ను తీసుకున్నాడు. ఏదో గీసుకున్నాడు. టీ వచ్చింది, తాగాడు. కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఆవిడ మార్చిన వరసని తనలాగా దిద్దబోయాడు.

మేనకోడలు కాసేపు చూసింది. ఇంకాసేపు చూసింది.

"మావయ్యా, జాబితా తెరుద్దామా?"

"ఏ జాబితా?"

ఎగతాళి చేస్తున్నాడేమోనని ఆయన కళ్ళలోకి చూసింది. లేదు. ఆ కళ్ళు ఎంతో నిర్మలంగా, పని మధ్యలో అడ్డం వచ్చిన పిల్లని చూస్తున్నట్టు చూస్తున్నాయి. నిన్న బెంచీ మీద కూర్చున్న మనిషి ఇప్పుడు ఆ కళ్ళలో లేడు.

ఇన్నిరోజులూ ఆమె తప్పించుకు తిరిగిన మాట అది. ఆయన జాలిపడి, తానే ఎత్తుకుని ఆమె నెత్తిమీది బరువు దించాడు. ఇప్పుడు ఆ బరువు తిరిగి ఆమె ఒళ్ళోకే వచ్చి పడింది. ఊరుకోవచ్చు. ఇంకో నకలు తీయొచ్చు, ఆయనకి తెలియనైనా తెలియదు. వెనక గదిలో ఏసీ మోగుతోంది. గళ్ళచొక్కా ఎప్పుడో కీబోర్డు ఆపేశాడు.

"అనుమతుల జాబితా మావయ్యా. అందులోంచి మీ పేరు తీయాలి."

"నా పేరా? ఎందుకు?"

"మీకు కొన్ని గుర్తుండట్లేదు. పోయిన నెల అందరి పని మీద పాతది పెట్టేశారు. ఇది మందుల పని కదా. అందుకని." ఆగకుండా చెప్పింది. ఆగితే ఇక చెప్పలేదు.

మావయ్య మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఆయనకి మటుకు ఆ మాట వినడం అదే మొదటిసారి మరి. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరు తీయమన్నారు? సారా?"

"ముందు సారే తీయించారు. నేనే తీశాను. మీకు చెప్పలేదు. నిన్న మీరే, అనుమతి తిరిగిస్తే మీ చేత్తో మీరే పేరు తీసేసుకుంటానన్నారు."

"నేనన్నానా?"

"అన్నారు మావయ్యా. బస్ స్టాపులో."

ఆయన తెర కేసి తిరిగాడు. గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాడని ఆమెకి తెలుస్తూనే ఉంది, నుదుటి మీద గీతలు దగ్గరకొచ్చి, మళ్ళీ విడిపోయాయి.

"నేనే అన్నానంటే, ఏదో ఆలోచించే అని ఉంటాను," అన్నాడు.

జాబితా తెరిచాడు. వేలు తెరకి ఆనించి, పైనుంచి తన పేరు చదువుకున్నాడు. అక్షరం అక్షరం వెనక్కి చెరిపాడు. పంపే ముందు, ఈ మార్పు ఎందుకో ఒక వరస రాయమని రెపో అడుగుతుంది, ఎవరినైనా అడుగుతుంది.

"ఏం రాయను?" అన్నాడు ఆమె కేసి తిరిగి.

మేనకోడలు కీబోర్డు ఆయన వైపుకి జరిపింది. మావయ్య తలూపి, తానే రెండు వేళ్ళతో వెతుక్కుంటూ రాశాడు. "నా మాట మీదే తీశాను." మీట నొక్కాడు. వెళ్ళిపోయింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. గదిలో ఎవరూ తలెత్తలేదు. కాసేపటికి చొక్కా చేతులు సర్దుకుని, కీబోర్డు మీద వేళ్ళు పెట్టి అడిగాడు.

"అయిందమ్మా. తర్వాతేంటి?"